మామయ్య ముందస్తు తనిఖీ

ఈ మామయ్యకు ఒకటే జబ్బు. తనవాళ్ళలో తప్పేదైనా ఉంటే అది పరాయివాళ్ళ కంట పడకముందే తాను పట్టుకోవాలి. ముప్ఫై ఏళ్ళు దుకాణాల తక్కెళ్ళు తనిఖీ చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గానీ తనిఖీ వదల్లేదు. చుట్టాలు వస్తున్నారంటే ముందే ఫోన్ చేసి, "మా సోఫాకు ఎడమవైపు స్ప్రింగు పొడుచుకొచ్చింది. నేను గురక పెడతాను. ఆలోచించుకుని రండి" అని చెప్పేస్తాడు.

అలాంటి మనిషి చెవిన మేనకోడలు ఇల్లు మారుతోందన్న మాట పడింది. ఆమె కుట్టుపని చేస్తూ తల్లితో మూడో అంతస్తులో ఉంటోంది. లిఫ్టు లేదు. మోకాళ్ళు అరిగిపోయిన తల్లి మెట్లు దిగి నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళకు కింది అంతస్తు ఇల్లొకటి దొరికింది. అయితే దాని మేనేజరు గట్టివాడు. పాత ఇంటివాళ్ళను అడుగుతాడు, బ్యాంకు కాగితాలు చూస్తాడు, కట్టని వాయిదాలు తవ్వితీస్తాడు. అప్పటికే ఇద్దరిని వెనక్కి పంపాడట. ఏమైనా సరే, అమ్మను ఆ ఇంట్లో దించాలని మేనకోడలు పట్టుబట్టింది.

"వాళ్ళు వెతికేలోపు నేనే వెతుకుతాను" అన్నాడు మామయ్య. ఆమె కాగితాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడే, ఆ తల్లీకూతుళ్ళు ఇంతకుముందు అద్దెకున్న పాత ఇంటావిడకు ఫోన్ చేశాడు. "మా మేనకోడలి గురించి ఏదైనా చెడ్డమాట చెప్పండి."

"మంచి అమ్మాయండీ."

"అది నాకూ తెలుసు. మొహమాటపడకండి, తీరిగ్గా ఆలోచించుకోండి."

ఆవిడ తీరిగ్గా ఆలోచించి, గోడకు పదకొండు మేకు కన్నాలున్నాయని గుర్తుచేసుకుంది. మామయ్య పుట్టీ డబ్బాతో వెళ్ళి అన్నీ పూడ్చాడు. ఊపులో ఇంటావిడ తన గడియారం కోసం కొట్టుకున్న కన్నం కూడా పూడ్చేసి వచ్చాడు. తర్వాత బట్టలు కుట్టించుకునేవాళ్ళ మీద పడ్డాడు. ఒకామె చొక్కా చేతులు బిగుతయ్యాయంది. ఆ చొక్కా తెచ్చి మేనకోడలి ముందు పడేశాడు.

"నా పరువు తీస్తున్నారు మామయ్యా. నేనేదో నేరం చేశాననుకుంటున్నారు అందరూ."

"అనుకోనీ. ముందు చేతులు వదులు చెయ్యి."

"దాన్ని బతకనివ్వవా తమ్ముడూ?" అంది లోపల్నుంచి తల్లి.

మేనకోడలికి భయం వేరే ఉంది. రెండేళ్ళ కిందట కుట్టుమిషను వాయిదాలు రెండు తప్పాయి. దాని కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా మామయ్యకు.

మామయ్యతో కలిసి వెళ్తే, ఆ కొత్త ఇంటి ఆఫీసులో మేనేజరు ఆమె కాగితాలు తిరగేస్తూ సరిగ్గా ఆ వాయిదాల దగ్గరే ఆగాడు. "రెండు వాయిదాలు తప్పాయేంటండీ?"

ఆమె కంగారుగా ఆ కాగితం వెనక్కి తీసుకోబోయింది. మామయ్య మాత్రం తాపీగా, "ఆరో పేజీ చూడండి" అన్నాడు.

మేనేజరు పైకే చదివాడు: "ఆ రెండు నెలలూ ఈ అమ్మాయి పని మానుకుని, తుంటి విరిగి ఆసుపత్రిలో పడున్న నా పక్కనే కూర్చుంది. వాయిదాల సంగతి నాకు తెలియనివ్వలేదు. తప్పు ఆమెది కాదు, నాది. ఇట్లు, మేనమామ. జత: ఎక్స్‌రే."

"మీకెలా తెలిసింది మామయ్యా?"

"మొదటిరోజే నీ బ్యాంకు కాగితాల్లో దొరికింది. తేదీలు చూస్తే తెలీదా? నా వల్ల పడ్డ మచ్చకు తోడు ఇంకెవరూ వేలెత్తి చూపకూడదని ఊరంతా తిరిగాను."

ఇన్నాళ్ళూ ఆయన మీద విసుక్కున్నందుకు ఆమెకు సిగ్గేసింది. ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

మేనేజరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు. ఒప్పందం ఆమె ముందుకు జరిపాడు. "సంతకం పెట్టండమ్మా."

"ఆగమ్మాయ్" అన్నాడు మామయ్య. "అయ్యా, మీ వాకిలి మెట్టు తొమ్మిదంగుళాలుంది. మా అక్క ఆరంగుళాలకు మించి కాలెత్తలేదు."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

"ఇటుకలు పేర్చి ఎక్కించి చూశాను. తిట్టింది, అయినా చూశాను. మధ్యలో ఇంకో మెట్టు కట్టిస్తానని రాసివ్వండి."

మేనేజరు రాసిచ్చాడు. అప్పుడు మేనకోడలు సంతకం పెట్టింది.