అమ్మమ్మ జాబితాలో లేని పేరు

మా అక్క లమ్మడా పేటలో పుట్టింది. నేను నది ఒడ్డున మా నాన్న అద్దెకున్న పేటలో పుట్టాను. ఆ పేట పేరు ఇక్కడ రాయను. అక్కడి ఆఫీసులో కూర్చున్నవాళ్ళు కొందరు ఇంకా బతికే ఉంటారు, వాళ్ళ మీద నా కోపం కూడా చల్లారలేదు. రెండు పేటలకీ మధ్య బస్సులో ముప్పావు గంట. రంగూన్‌లో అది దూరమే కాదు.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మావాళ్ళ ఆచారం. శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చిన తాతలు సముద్రం దాటారు గానీ దాన్ని మాత్రం దాటలేదు. అందుకని అమ్మ తొలి కాన్పుకి లమ్మడాలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళింది. నాలుగో అంతస్తు, నిటారు మెట్లు, నెలలు నిండిన మనిషి ఎలా ఎక్కిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. రెండో కాన్పుకి పుట్టింటికి పిలవరు కదా, నేను మా ఇంట్లోనే పుట్టాను.

ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక సభ్యుల జాబితా ఉంటుంది. అందులో పేరుంటేనే మనిషి ఉన్నట్టు. ఆ రోజుల్లో దేశం తలుపులన్నీ వేసుకుని కూర్చుంది. బియ్యం, నూనె, సబ్బు, లుంగీ గుడ్డ అన్నీ ప్రభుత్వ దుకాణంలోనే, జాబితాలో తలకింత అని ఇచ్చేవారు. అక్క పుట్టగానే అమ్మమ్మ ఆ పేరు తన జాబితాలో ఎక్కించేసింది. అయిదో నెలలో అక్క మా ఇంటికి వచ్చింది గానీ పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది.

నేను పుట్టినప్పుడూ అమ్మమ్మ ఆశపడిందట. "ఈ గుంట పేరు కూడా నా కాడే రాయించీద్దుం. ఇంకో సబ్బొస్తాది," అందట.

మా నాన్న రేవులో క్రేను నడిపేవాడు. ఒకరి వస్తువు చేత్తో ముట్టేవాడు కాదు. "సబ్బు కోసం దొంగ పేరేటి అత్తా? పిల్ల ఎక్కడుంటే పేరు అక్కడే," అన్నాడట. నన్ను మా పేటలోనే రాయించాడు. అమ్మమ్మ కక్కుర్తినీ నాన్న నిక్కచ్చితనాన్నీ మా ఇంట్లో ఏళ్ళ తరబడి నవ్వుకుంటూ చెప్పుకున్నాం.

కొత్త పౌరసత్వ చట్టం వచ్చాక ఆ నవ్వు ఆగింది. మా నాన్న ఇక్కడే పుట్టాడు, మేమూ ఇక్కడే పుట్టాం, అయినా మేం ఈ దేశం మనుషులమేనని ఆఫీసు ఒప్పుకోవాలి. నాన్న వంటింటి బల్ల మీద రెండు దరఖాస్తులు నింపాడు. ఒకే చేతిరాత, ఒకే తాత, తాత ఓడ దిగిన కాగితానికి రెండు నకళ్ళు. ఎవరి పేరు ఏ జాబితాలో ఉంటే ఆ పేట ఆఫీసులోనే ఇవ్వాలన్నారు. అక్కది లమ్మడాలో ఇచ్చాడు, నాది మా పేటలో. ఒకే రోజు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి.

అక్కకి రెండేళ్ళు తిరక్కుండానే పౌరసత్వం కార్డు వచ్చింది. నాది "పైకి వెళ్ళింది" అన్నారు. తర్వాత "పైనుంచి రాలేదు" అన్నారు. ఆ పైన ఎంత పైనో ఎవరూ చెప్పలేదు. నేను ప్రతి నెలా మొదటి సోమవారం వెళ్ళి అడిగేదాన్ని. ముసలి గుమాస్తా ఒకాయన తలెత్తకుండానే "లేదు తమీ" అనేవాడు. తమీ అంటే అమ్మాయీ అని. ఆ పిలుపులో ప్రేమకేం తక్కువ లేదు.

మా ఇద్దరికీ టీచరు కావాలనే కోరిక. కార్డు లేనిదే శిక్షణలో చేర్చుకోరు, ఇరవై అయిదు దాటితే అసలే తీసుకోరు. అక్క చేరింది, ఉద్యోగమూ వచ్చింది. వీధిలో పిల్లలు దాన్ని "సయామా" అని పిలిచేవాళ్ళు, మన పంతులమ్మ అన్నట్టు. టీచర్లకి తెల్ల జాకెట్టు, ఆకుపచ్చ లుంగీ. దాని లుంగీ ఆరాక తీగ మీంచి తీసి నా నడుముకి పెట్టి చూసుకునేదాన్ని. అది మడతలు పెడుతూ ఏదో పాఠం గురించి చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది. అక్క నాకేం అన్యాయం చేయలేదని తెలుసు. తెలిసినా దాని మీద అసూయ తగ్గలేదు.

పేరు లమ్మడాకి మార్పించుకుందామని అడిగితే, దరఖాస్తు తేలనివాళ్ళు పేట మారకూడదన్నారు. నేను పబేడాన్ పేటలో ఒక బట్టల దుకాణంలో గజాలు కొలిచే పనికి కుదిరాను.

ఎనభై ఎనిమిది వానల్లో ప్రభుత్వం దిగిపోవాలని ఊరంతా వీధిలోకి వచ్చింది. దుకాణం మూశారు. మా వీధి మీదుగా ఊరేగింపులు వెళ్తుంటే అందరం గుమ్మాల్లో బిందెలు పెట్టుకుని నీళ్ళిచ్చేవాళ్ళం. ఒకరోజు గుమాస్తాలూ వచ్చారు, ఆఫీసులవారీగా, న్యాయం కావాలని బట్ట మీద రాసుకుని. ఆ బట్ట ఒక కొస పట్టుకున్నది మా ముసలి గుమాస్తా. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. గ్లాసు అందించి, "ఊజీ, నా కాగితం సంగతేంటి?" అని బర్మా భాషలో అడిగాను. ఊజీ అంటే పెద్దాయనా అని.

ఆయన నీళ్ళు తాగి గ్లాసు తిరిగిచ్చాడు. "పైకి వెళ్ళలేదు తమీ. బీరువాలోనే ఉంది. సంతకం పెడితే, ఎందుకిచ్చావని రేపెవరైనా అడుగుతారేమోనని మా అధికారికి భయం. మీవాళ్ళ కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి."

"లమ్మడాలో మా అక్కకి ఇచ్చారు కదా?"

"అక్కడి అధికారికి ఆ భయం లేదు. రూలు రెండు చోట్లా ఒకటే," అన్నాడు. వెనకవాళ్ళు తొయ్యడంతో ముందుకు నడిచాడు.

ఆ మాట ఇంట్లో చెప్పాను. అమ్మ ఆ అధికారిని నోరారా తిట్టింది. నాన్న అన్నం సగంలో వదిలేసి లేచాడు.

తర్వాత సైన్యం వచ్చింది, కాల్పులు జరిగాయి, వీధులు ఖాళీ అయ్యాయి. ఆఫీసు మళ్ళీ తెరిచాక కొత్త అధికారి వచ్చాడు, బీరువా తెరిచాడు. నా కార్డు వచ్చేసరికి నాకు ఇరవై ఏడు. నాన్నే తెచ్చి చేతికిచ్చాడు. అంతవరకూ మనసులో దాచుకున్నది అప్పుడు అనేశాను.

"ఆ సబ్బేదో అమ్మమ్మని తీసుకోనిస్తే సరిపోయేది కదా నానా."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. అబద్ధమని మాత్రం అనలేను.

మరుసటి ఏడు నాకు పెళ్ళయింది. మా ఆయన ఇల్లు లమ్మడాలోనే, అమ్మమ్మ ఇంటికి రెండు వీధుల అవతల. తొలిచూలు ఏడో నెలలో చలిమిడి, గాజులు పట్టుకుని అమ్మా నాన్నా నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. నేను రానన్నాను.

"మొదటి కాన్పే. పుట్టింటికి రాకపోతే నలుగురూ ఏటనుకుంటారే? మాకు తిండి నేదనుకుంటారు," అని అమ్మ ఏడ్చింది.

"అక్కడ పురుడైతే పేరు అక్కడే రాస్తారు అమ్మా," అన్నాను.

అమ్మ నాన్న వైపు చూసింది, కాస్త గట్టిగా చెప్పమన్నట్టు. నాన్న గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "దాన్ని రమ్మనకు. ఇక్కడే కననీ," అన్నాడు. అమ్మ గాజులు నా చేతులకి తొడిగి, చలిమిడి గిన్నె పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నాకు తెల్లవారుజామున కాన్పయింది. మా ఆయన పొద్దున్నే పేట ఆఫీసుకి పరిగెత్తాడు, వెళ్తూ తెలిసినవాళ్ళ చేత మా వాళ్ళకి కాన్పయిందని మాత్రం కబురు పంపాడు. సాయంత్రం నాన్న ఒక్కడే వచ్చాడు. మాదీ నాలుగో అంతస్తే. మెట్లెక్కి, ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఉయ్యాల వైపు చూడలేదు.

"జాబితాలో రాయించీసినావా?" అని మా ఆయన్ని అడిగాడు.

"పొద్దున్నే రాయించీసేను మావా."

"ఏదీ, సూపించు."

మా ఆయన జాబితా తెచ్చి చూపించాడు. నాన్న వేలు పెట్టి ఆ వరస రెండుసార్లు చదివాడు. అప్పుడు కూర్చుని, మొహం తుడుచుకుని, నన్నడిగాడు, "ఆడగుంటా, మగగుంటా?"