ఆవకాయ జాడీ మీద ఈజిప్టు చదువు

అమెరికాలోని కాపెల్‌లో భీమశంకరాన్ని ఎరగని తెలుగువాళ్లు లేరు. ఎవరింట్లో పంపు కారినా, ఎవరి కారు మొరాయించినా పానా పట్టుకుని తయారయ్యే మనిషి. ఆయన్ని పిలవని చోటు ఊరు మొత్తం మీద ఒక్కటే: కూతురు పూజిత స్కూలు.

ఆరో క్లాసులో ఈజిప్టు పండగ పెట్టారు. వేల ఏళ్ల కిందట అక్కడ బడి ఎలా నడిచేదో చూపించడానికి పంతులు వేషం కట్టే తండ్రి కావాలన్నారు. ఈయన పిల్లతో చెప్పకుండానే పేరిచ్చేశాడు.

"నాన్నా, ప్లీజ్. అందరూ నన్ను చూసి లాఫ్ చేస్తారు," అని పూజిత ఏడుపు మొహం పెట్టింది.

"ఎందుకు నవ్వుతారే? నేను చాలా సీరియస్ పంతుల్ని!"

ఆ కాలం పిల్లలు కుండ పెంకుల మీద రాసేవారని చదివాడు. ఇంట్లో కుండేదీ? భార్య అనురాధ గుంటూరు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న ఆవకాయ జాడీ ఖాళీగా కనిపించింది. ఆవిడ అటు ఆఫీసుకి వెళ్లిందో లేదో, ఇటు ఠప్!

పండగ రోజు క్లాసులో ఆయన వేషం తెల్ల పంచె, బనియను. బెత్తం స్కూల్లోకి రానివ్వరని చేతిలో అట్లకాడ. పిల్లలకి తలో పెంకూ పంచాడు. నున్నటి జాడీ మీద ఇంకు నిలిస్తేగా! బొట్లు బొట్లుగా జారి చేతులన్నీ నల్లబడ్డాయి. పైగా ఆవకాయ ఘాటు. ఒకడు ముక్కు మూసుకున్నాడు, పక్కవాడు కిసుక్కుమన్నాడు. పూజిత తల డెస్కు మీద వాల్చేసింది.

భీమశంకరానికి చెమటలు పట్టాయి. అప్పుడు గుర్తొచ్చింది: ఆ ఈజిప్టు పిల్లలు పాఠాన్ని గొంతెత్తి వల్లె వేసేవారట. వల్లె వేయించడమా! అదెంత పని? అట్లకాడతో బల్ల మీద ఒక్కటిచ్చాడు.

"రిపీట్ ఆఫ్టర్ మీ! రెండొకట్ల రెండు!"

క్లాసంతా అరిచింది. "రెండ్రెళ్లు నాలుగు!" కిటికీలు అదిరాయి.

"ఈజ్ దిస్ ఈజిప్షియన్?" అంది ముందు వరస పిల్ల.

"నో, టూ టేబుల్!"

నవ్వులే నవ్వులు. కానీ 'మూళ్లు' దగ్గర ఎవరికీ నోరు తిరగలేదు. పూజిత తలెత్తింది. కాసేపు ఓర్చుకుంది. ఇక ఆగలేక, "నో, నో, టంగ్ వెనక్కి!" అంటూ లేచొచ్చి అట్లకాడ లాక్కుంది. బెల్లు కొట్టేదాకా మళ్లీ ఇవ్వలేదు.

కారెక్కాక అంది, "నాన్నా, నెక్స్ట్ టైమ్ జాడీ వద్దు. మట్టి ఫ్లవర్ పాట్ బ్రేక్ చెయ్యి. ఇంక్ అంటుకుంటుంది."

"నెక్స్ట్ టైమా?" భీమశంకరం కారు స్టార్ట్ చెయ్యడం మరిచిపోయాడు.

"అవును. బట్ షర్ట్ వేసుకో."

ఇంటికెళ్లేసరికి అనురాధ గుమ్మంలోనే ఉంది. "ఏవండీ, నా జాడీకి మూతొక్కటే మిగిలిందేంటండీ?"

భీమశంకరం నోరు తెరిచేలోగా పూజిత ఆయనకి అడ్డంగా నిలబడింది.

"అది ఈజిప్ట్ వెళ్లిందమ్మా!"