అరిగిన సబ్బు ముక్క

మస్తానమ్మ చేతికింద ఒకసారి స్నానం చేసినవాళ్ళు, ఆ తర్వాత నాలుగు చెంబులు గుమ్మరించుకుని దాన్ని స్నానం అని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు. వాకాడుకు తూర్పున, సముద్రపు హోరు వినబడే ఊరు ఆమెది. పురిటి బిడ్డకు మొదటి నీళ్ళ దగ్గర్నుంచి పెళ్ళికూతురి తలంటు దాకా ఆ చెయ్యి పడాల్సిందే. ఒళ్ళంతా నూనె పట్టించి, ఊరనిచ్చి, పెసరపిండి అద్ది, చెవుల వెనక, మెడ మడతల్లో, కాలివేళ్ళ సందుల్లో వేలుపెట్టి మరీ తోమేది. ఆకురాయి అని పేరు పెట్టారు ఆమెకు.

"చెవెనకాల మట్టి పెట్టుకొని మొగానికి పౌడరు పూస్తే ఎవురికి జెప్పుకుంటావు మే" అనేది, ఎవరైనా నొప్పి అని మూలిగితే.

స్నానాల పని లేని రోజుల్లో రేవులో చేపలు ఎండబెట్టేది. మొగుడు పోయి చాలా కాలమైంది. పోతూ అతను మిగిల్చింది ఒక గుడిసె, సరుగుడు తోపు అవతల ఇసకలో తవ్విన దొరువు. మనిషి లోతు కూడా లేని గుంట అది. నీళ్ళు మాత్రం కొబ్బరినీళ్ళ లాగా ఉండేవి.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో పెద్దింటి ఆదిశేషమ్మ తన కొడుకు చెంచురామయ్యకు నెల్లూరు పిల్లను చేసుకుంది. పిల్ల పేరు కామాక్షి. పెట్టెలో పట్టుచీరలతో పాటు డజను వాసన సబ్బులు తెచ్చుకుంది. అంతకుముందు ఆ ఇంట్లో సబ్బు అంటే చాకలి ఎరగాల్సిన సంగతే.

మొదటి శుక్రవారం కోడలికి తలంటడానికి ఆదిశేషమ్మ కబురు పెట్టింది. కొత్త కోడల్ని చూడాలని వచ్చిన ఆడవాళ్ళు ఏడెనిమిది మంది పెరట్లో కూర్చుని ఉన్నారు. మస్తానమ్మ అరచేతిలో నూనె పోసుకుని దగ్గరికి పోయేసరికి కామాక్షి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"అత్తయ్యా, ఈమె చేతులు చేపల కంపు కొడతా ఉండాయి. నాకొద్దు" అంది. మస్తానమ్మ వైపు తిరిగి, "ఆడనే నిలబడు. దగ్గరికి రాబాక" అంది.

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. పుట్టింట్లో వాడి తెచ్చుకున్న అరిగిపోయిన సబ్బు ముక్క స్నానాల దడి మీదుంటే, తీసి ఆమె కాళ్ళ దగ్గర ఇసకలో పడేసింది.

"ముందు నువ్వు ఇది రుద్దుకో. ఆనక ఇంకొకరికి రుద్దుదువు గాని."

ఆడవాళ్ళు నవ్వారు. ఆదిశేషమ్మ నవ్వలేదు గాని, నోరూ మెదపలేదు. కాగు కింద పుల్లలు ఎగదోస్తూ కూర్చుంది. ఆమె కొడుకు చెంచురామయ్యను నెలల బిడ్డప్పుడు కాళ్ళ మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోసింది ఈ మస్తానమ్మే. నవ్విన నోళ్ళ కంటే ఆ మూసుకున్న నోరే ఆమెకు ఎక్కువ మండింది.

చేతిలో నూనెను తన తలకే రాసుకుంది. ముక్క తీసి, ఇసక ఊది, కొంగున కట్టుకుంది.

"ఇచ్చినావు గదా తల్లీ. దాచిపెడతాలే" అంది.

వస్తూ వస్తూ ఆ ఇంటి వరల బావి వైపు చూసింది. ఊరికంతా గొప్ప ఆ బావి, నీళ్ళు మాత్రం ఉప్పన. తాగడానికి వాళ్ళూ మస్తానమ్మ దొరువు నుంచే రోజుకో బిందె తెప్పించుకుంటారు. పెసరపిండికి, సీకాయకు ఆ ఉప్పు ఏమీ అడ్డం కాదు. సబ్బు అలా కాదు. ఆ నీళ్ళలో నురగ రాదు, విరిగిన పాలలాగా తరకలు కట్టి ఒంటికి అంటుకుంటుంది. ఎన్ని నీళ్ళు పోసుకున్నా పోదు. సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. మస్తానమ్మ చెప్పలేదు.

నవ్విన ఇళ్ళు ఒకటి తర్వాత ఒకటి ఆమెను పిలవడం మానేశాయి. బాలింతలకు సబ్బు తెప్పించుకున్నారు కొందరు. ఇరవై ఏళ్ళకు పైగా ఊరి బిడ్డలను తోమిన చేతులకు కంపు చేతులని పేరు పడింది. ఆమె రోజూ దొరువు దగ్గర ఆ చేతులను వాసన చూసుకునేది. ఆ పేరు కడుక్కోవాలి, ముక్క పడేసిన ఆ పిల్ల చేతనే కడిగించాలి. ఇంకో ఆలోచన లేకుండా బతికింది.

కామాక్షి పూటకొకసారి స్నానం చేసేది. నురగ రాకపోతే ఇంకా కొంచెం రుద్దేది. రెండు నెలలకు జుట్టు అట్టలు కట్టింది. చెవుల వెనక, మెడ చుట్టూ దురద. దురద పుడితే మురికేమో అనుకుని మళ్ళీ సబ్బు. గూడూరు డాక్టరు పూతమందు ఇచ్చాడు. పుట్టింటికి పోయి పదిరోజులుంటే తగ్గింది. తిరిగొచ్చిన వారానికి మళ్ళీ మొదలు. ఈ ఊరి గాలే పడలేదు, పిల్లను తీసుకుపోతాం, ఇక పంపేది లేదని నెల్లూరు వాళ్ళు అనేదాకా వచ్చింది.

ఆ మాట రేవులో విన్న రోజున మస్తానమ్మ కడుపునిండా అన్నం తిన్నది. చెంచురామయ్య మొహం ఒక్కసారి గుర్తుకొచ్చి చెయ్యి ఆగింది. ఆ కాగు కింద ఎగదోసిన పుల్లలు కూడా గుర్తుకొచ్చాయి. మళ్ళీ వడ్డించుకుంది.

చివరికి ఆదిశేషమ్మే గుడిసె ముందుకు వచ్చి నిలబడింది.

"మస్తానీ, ఒకసారి వచ్చి చూసిపో మే. నీకు తెలవందేముంది."

"నా చేతులు కంపమ్మా."

"ఆ పొద్దు నేను నోరు మూసుకున్నేను. తప్పే."

"నేను మీ పెరట్లోకి రాను. ఆ యమ్మినే నా దొరువు కాడికి రమ్మను. ఆ పొద్దు నవ్వినోళ్ళంతా రావాల. వాళ్ళు లేకుండా నేను చెయ్యి తడపను."

శుక్రవారం పొద్దెక్కినాక కామాక్షి తలనిండా ముసుగేసుకుని ఇసకలో కాళ్ళు కాలుతుంటే వచ్చింది. వెనక ఆ ఆడవాళ్ళూ వచ్చారు, చోద్యం చూడ్డానికి పిలవకపోయినా వచ్చే రకమే. మస్తానమ్మ తాటాకు దడి కట్టి ఉంచింది. నూనె పట్టించి, ఊరనిచ్చి, పెసరపిండితో అందుకుంది. పేరుకున్న సబ్బు తరక సేమ్యాల లాగా పోగులు పోగులుగా రాలింది. కామాక్షి పళ్ళు బిగించింది. మస్తానమ్మ చెయ్యి మెత్తబడలేదు. రాలిందంతా ఇత్తడి తట్టలోకి దులిపి, దడి మీదుగా బయటికి అందించింది.

"చూడండి మే. రోజుకు రెండుసార్లు సబ్బేసిన ఒంటిది. ముక్కు దగ్గర పెట్టుకొని మరీ చూడండి."

తట్ట చేతులు మారింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు కొంగు ముడి విప్పి ఆ ముక్క తీసింది. దొరువు నీళ్ళలో తడిపి రెండుసార్లు రుద్దేసరికి తెల్లటి నురగ ఆమె మణికట్టు దాకా పొంగింది. కామాక్షి ఆ నురగ వైపు, ఆ ముక్క వైపు మార్చి మార్చి చూసింది.

"మా బావి నీళ్ళకు సబ్బు పనికిరాదని నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఆడనే నిలబడమన్నావు గదమ్మా. నిలబడినాను. అంత దూరాన్నుంచి చెప్తే నీకు ఇనబడదనుకున్నా."

కామాక్షి తల దించుకుని రెండు చేతులూ చాచింది. "రుద్దు" అంది. బయట ఆడవాళ్ళకు వినబడేలాగే అంది.

దురద మూడు వారాల్లో తగ్గింది. మానేసిన ఇళ్ళు మళ్ళీ కబుర్లు పంపాయి. కానీ స్నానానికి కూడా దొరువు నీళ్ళు కడవతో ఇంటికి పంపమని ఆదిశేషమ్మ అడిగితే మస్తానమ్మ ఒప్పుకోలేదు. ఈ ముక్క అయిపోయేదాకా మీ కోడలు ఈడికే రావాల అంది. ప్రతి శుక్రవారం పెద్దింటి కోడలు ఇసకలో నడిచొచ్చి, చేపలమ్మే ఆడవాళ్ళు నీళ్ళు తోడుకోవడం అయ్యేదాకా వాళ్ళ వెనక నిలబడేది.

అరిగిపోయిన ముక్క ఎన్నాళ్ళు వస్తుందిలే అనుకున్నారంతా. మస్తానమ్మ వారానికి ఒక్కసారి, ఒక్క వేలితో తాకించేది. రెండేళ్ళు వచ్చింది.