ఆ ఇంట్లో రెండే కుర్చీలు

మొన్న ఆదివారం మా ఆడపడుచు మనవరాలు, విశాఖపట్నంలో చదువుకుంటున్న పిల్ల, విజయనగరం మా ఇంటికి వచ్చి, పొద్దున్నించీ నేను వండిన గుమ్మడికాయ దప్పళం వైపు కన్నెత్తి కూడా చూడకుండా ఫోనులో పిజ్జా తెప్పించుకుంది. తెప్పించుకుంటే తెప్పించుకుంది, దాని మీద నల్లగా చక్రాల్లా ఉన్న ముక్కల్ని ఒక్కొక్కటే గిల్లి, కూరలో కరివేపాకు ఏరేసినట్టు పళ్ళెం అంచున పేర్చింది. అవి ఆలివ్ కాయ ముక్కలు. ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. డబ్బాలో నిలవున్న చప్పటి ముక్కే అయినా, అది నాలిక మీద పడేసరికి స్పెయిన్ దేశంలో ఒక కొండపల్లె, ఒక కిటికీ, దాని పక్కన రెండు కుర్చీలు కళ్ళ ముందుకొచ్చి, దప్పళం తినలేదన్న కోపం కూడా మరిచిపోయాను.

గరివిడి మనుషులకి స్పెయిన్‌తో ఏం పని అని మీరు అడగవచ్చు. మావారు గరివిడిలో ఫర్నేసు దగ్గర ఇంజనీరుగా ఉన్న రోజుల్లో, ఏదో యంత్రం బిగించడానికి ఆ దేశం నించి ఒకాయన వచ్చి కొన్ని నెలలున్నాడు. ఆదివారాలు మా ఇంటికి వచ్చి, మా అత్తగారు చేసిన రాగి అంబలి, మా వైపు మాటలో చోడి అంబలి, ఉల్లిపాయ నంజుకుని గ్లాసుల మీద గ్లాసులు తాగేవాడు. వెళ్ళిపోయాక కూడా ఏటా కొత్త సంవత్సరానికి పలకరింపు మానలేదు. మావారు రిటైరై, అత్తగారు కాలం చేసి, మేము విజయనగరంలో ఫ్లాటులో చేరాక, ఆయన ఒకసారి ఫోను చేసి, దక్షిణాన కొండల్లో మా తాతల నాటి ఇల్లు ఖాళీగా ఉంది, అక్కడ ఎండలు తగ్గి చలి ముదరక ముందు చాలా బాగుంటుంది, ఇద్దరూ వచ్చి రెండు నెలలు ఉండండి అన్నాడు. మావారు వెంటనే సరేనన్నారు. నా గుండెలో మాత్రం రాయి పడింది.

విమానానికి కాదు నేను భయపడింది. మాది పెద్ద కుటుంబం, చీపురుపల్లి వైపు సేద్యం చేసుకునేవాళ్ళు. మగవాళ్ళు బంతిన కూర్చుని తినేవారు, తరవాత పిల్లలు, ఆఖరికి పెరటి వసారాలో ఆడవాళ్ళం. దానికి తోడు మావారికి షిఫ్టు డ్యూటీలు. ఆయనకి వడ్డించడం, చొక్కాలు మడతపెట్టడం, ఎవరికి జ్వరమో ఏ పొలంలో నాట్లో చెప్పడం, ఇదే నేనెరిగిన సంసారం. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ పదిమంది ఉండేవారు, ఆ పదిమంది సంగతులే మా మాటలు. ఫ్లాటుకొచ్చాక ఆ జాగాలో టీవీ వచ్చింది. అలాంటిది భాష తెలియని ఊళ్ళో, టీవీ కూడా లేని ఇంట్లో, అన్ని వారాలు ఇద్దరమే ఉంటే ఏం మాట్లాడుకుంటాం? మాటలు లేవని తేలిపోతే, తిరిగొచ్చాక ఆ సంగతి మనసులో పెట్టుకుని మిగతా బతుకంతా ఎలా గడపడం? మా అక్కతో అంటే పకపకా నవ్వింది.

“ఒసే పిచ్చిదానా, ఇన్నాళ్ళూ కాపురం సేసి ఇప్పుడేటే సిగ్గు? నువ్వు మాటాడు, ఆడే మాటాడతాడు,” అంది. అక్కకి మావారు వరసకి మరిదే కాబట్టి ఆ చనువుంది.

వినాయక చవితి వెళ్ళాక బయలుదేరాం. ఆ ఊరు కొండవాలుకి అతుక్కుని, పండక్కి ముందు సున్నం కొట్టిన మన పాత ఇళ్ళ లాగా అంతా ఒకటే తెలుపు. చుట్టూ కనుచూపు మేర ఆలివ్ తోటలు, మన జీడిమామిడి తోటల్లాగే ఎర్రమట్టి మీద వరసలు తీరి. మాకిచ్చిన ఇల్లు చిన్నది. వీధి వైపు కిటికీ, దాని దగ్గర ఒక బల్ల, బల్లకి అటొకటి ఇటొకటి కుర్చీ. రోజూ పొద్దున్నే కాళ్ళకి బూట్లు తగిలించుకుని బయలుదేరేవాళ్ళం. ఒక రోజు బస్సెక్కి లోయలో ఊళ్ళకి, ఒక రోజు నడుచుకుంటూ ముళ్ళ తొక్కలో గింజ కాసే చెస్ట్‌నట్ చెట్ల అడవికి. ఒక వాలు మీద ద్రాక్షపళ్ళు మనం మిరపకాయలు ఎండబెట్టినట్టు పరచి ఉండేవి, దారి పక్క దానిమ్మలు పగిలి రాలి ఉండేవి. రామతీర్థం కొండ ఎక్కేటప్పుడు ఎలాగో అక్కడా అలాగే, ఆయన నాలుగడుగులు ముందు, నేను వెనక. బాగుందండీ అంటే బాగుంది అనేవారు. అక్కడితో మాట అయిపోయేది.

ఇంటికొచ్చి అన్నం వండి ఆయనకి వడ్డించి పక్కన నిలబడేదాన్ని. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాక నా కంచం వంటగదిలోకి తీసుకుపోయి గట్టు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని తినేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నాకు వేరేగా తోచనూ లేదు. ఎదురింట్లో ఒక ముసలావిడ ఉండేది. భర్త పోయి చాలా కాలమైందట, ఎప్పుడూ నల్లబట్టలే. పేరు పలకడం రాక మేం ఎదురింటావిడ అనే అనుకునేవాళ్ళం. ఆవిడ కిటికీలోంచి మా కిటికీ, దాన్లోంచి వంటగది దాకా కనపడేది. రెండు వారాలు కాబోలు చూసి చూసి, ఒక మధ్యాహ్నం మావారు అన్నంలో చెయ్యి పెట్టే వేళకి తలుపు తోసుకుని వచ్చేసింది. చేతిలో వంకాయ ముక్కలు వేయించి తేనె చుట్టిన పళ్ళెం. దాన్ని బల్ల మధ్యలో పెట్టి, నా రెక్క పుచ్చుకుని ఎదురు కుర్చీలో కూలేసి, మావారి వైపు వేలు చూపించి గట్టిగా ఏదో నాలుగు చివాట్లు పెట్టి, నా తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆ శనివారం మా ఆతిథేయి వస్తే సంగతి కనుక్కున్నాం. మొగుడొకచోట తింటూ, పెళ్ళాం పక్కన నిలబడి, తరవాత వంటగదిలో ఒంటరిగా తింటూంటే, పాపం దూరదేశం వాళ్ళు పెద్ద గొడవ పడ్డారనుకుందట! ఇద్దర్నీ కలపడానికి వచ్చిందట. ఆయన నవ్వుతూ చెప్పాడు. మావారు మాత్రం నవ్వలేదు, ఆ రెండో కుర్చీ వైపు చూశారు. మర్నాడు నేను వడ్డించబోతే ఆయనే ఇంకో కంచం తెచ్చి ఎదురుగా పెట్టారు.

“కూకో. ఆ ముసల్ది మళ్ళీ వస్తాది,” అన్నారు.

నిజం చెప్పొద్దూ, పెళ్ళినాడు కూడా నాకంత సిగ్గు వెయ్యలేదు. తలెత్తకుండా నాలుగు ముద్దలు తిని, చివర్న పెరుగన్నంలోకి అలవాటు చొప్పున పచ్చిమిరపకాయ కొరికాను. ఎదర చప్పుడు లేకపోతే తలెత్తి చూశాను. ఆయన తినడం మానేసి నన్నే చూస్తున్నారు.

“నువ్వు పెరుగన్నంలో మిరపకాయ నంజుకుంటావేటి? నాకు తెల్దే.”

ముప్పై అయిదేళ్ళ కాపురం. ఆయనకి ఏ కూరలో ఉప్పు ఎంతుండాలో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు, నేనేం తింటానో ఆయనకి తెలియదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి మంచినీళ్ళు అందించారు.

మాటలు ఆ బల్ల దగ్గరే మొదలయ్యాయి. పైడితల్లమ్మ సిరిమాను జాతర నాడు ఊరికి దూరంగా ఉన్నామని నేను దిగులుపడితే, చిన్నప్పుడు నాయన భుజం మీద ఎక్కి సిరిమాను చూసిన సంగతి చెప్పారు. ఇంకోనాడు, కొత్తగా ఫర్నేసు దగ్గర వేసినప్పుడు తలుపు తీస్తే చాలు కాళ్ళు వణికేవని, ఆ వణుకు ఇంట్లో కనపడుతుందేమోనని అన్నం తినేటప్పుడు తలవంచుకుని ఉండేవాణ్ణని చెప్పారు. ఆ తలవంపు చూసి నా వంట నచ్చక కాబోలు అనుకుని కొత్తలో ఎన్నిసార్లు కుమిలిపోయానో!

ఎదురింటావిడ రుణం తీర్చుకోవాలని ఆలివ్ కాయలతో ఆవకాయ పెట్టాను. పెరట్లో చెట్టు నిండా పచ్చటి కాయలు, నా పెట్టెలో ఇంటి నించి తెచ్చిన ఆవపిండి, కారం. ఊరగాయ కలిపేటప్పుడు నోట పెట్టకూడదు, ఎంగిలవుతుంది, చెయ్యి కొలతే ప్రమాణం అని మా అత్తగారి శాసనం. అది తు.చ. తప్పకుండా పాటించి, మూడోనాడు తిరగకలిపి గిన్నెలో పెట్టి ఇచ్చాను. ఆవిడ ఒక కాయ కొరికి, కళ్ళు మూసుకుని, మర్యాద కోసం మింగింది. అనుమానమొచ్చి మావారు ఒకటి కొరికారు. “ఓలమ్మో, ఏటే ఇది, ఏపకాయ కన్నా సేదుగా ఉన్నాది!” అని వీధిలోకి పరిగెత్తి ఉమ్మేశారు. పచ్చి ఆలివ్ కాయ అంత చేదని నేనేం కలగన్నానా?

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, మర్నాడు ఒక బుట్టెడు కాయలతో వచ్చింది. ముగ్గురం గుమ్మంలో కూర్చుని ఒక్కో కాయనీ రాయితో చిదిపి నీళ్ళలో వేశాం. ఆ నీళ్ళు రోజూ మార్చాలి, చేదు దిగేదాకా మారుస్తూనే ఉండాలి. ఆ పని మావారు పుచ్చుకున్నారు. పొద్దున్నే నీళ్ళు వంపి, ఒక కాయ కొరికి, ఇంకా దిగలేదే అని నాకు కేకేసేవారు. కొండ మీద నడకకి బయలుదేరినా కబుర్లు దాని గురించే. అప్పటికి ఆయన నాలుగడుగులు ముందు నడవడం మానేశారని నేను గమనించనే లేదు. కార్తీకంలో మేం బయలుదేరే నాటికి కాయల్లో చేదు దిగింది. ఈసారి రుచి చూసి మరీ ఆవ కలిపి, ఒక జాడీ ఆవిడకిచ్చాను. ఆవిడ నన్ను కావలించుకుని, కిటికీ వైపు చూపించి, రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపింది.

అదంతా జరిగి పదిహేనేళ్ళు పైమాట. ఎదురింటావిడ పోయిందని తరవాత మా ఆతిథేయే చెప్పాడు. ఆయన ఆ ఇల్లు అమ్మేశాడు కూడా. ఇక్కడా రోజులు మారాయి. పెరటి వసారాలు లేవు, మగవాళ్ళు తిన్నాకే తినాలన్న మాట ఏ ఇంట్లోనూ వినపడదు. అందుకు నాకు సంతోషమే. మా అత్తగారికి పెరుగన్నంలోకి ఏం ఇష్టమో మా మావగారికి తెలిసి ఉండదు, ఇప్పుడు అడుగుదామన్నా ఇద్దరూ లేరు. కానీ ఇప్పుడు వాళ్ళింట్లో పిల్ల పిజ్జా పళ్ళెంతో ఒక గదిలో, దాని తమ్ముడు ఫోనుతో ఇంకో గదిలో, తల్లి ఆఫీసు నించి వచ్చిన వేళకి తింటారు. కూర్చోవద్దని ఎవరూ అనరు, కూర్చునేవాళ్ళే లేరు. ఆ ఎదురింటావిడే ఈ అపార్టుమెంటు కిటికీల్లోంచి తొంగిచూస్తే, ఇంటింటా గొడవలేననుకుని వంకాయ ముక్కల పళ్ళెం పట్టుకుని అంతస్తు అంతస్తూ ఎక్కేది.

పిల్ల ఏరేసిన ముక్కలన్నీ తినేసి నేనిలా ఆలోచిస్తూంటే లోపల్నించి కేక వినపడింది. మావారికి ఎనభై దగ్గర పడుతున్నాయి, ఆకలికి ఆగలేరు, అయినా నేను వచ్చి కూర్చునేదాకా ముద్ద ముట్టరు.

“ఏటే, ఎక్కడున్నావు? మిరపకాయ తెచ్చి పెట్టేను, రా.”