మా ఇన్వర్టర్ మీద ఆఫ్రికా చుట్టం

ఆ రోజుల్లో మా దూలపల్లి లేఅవుటులో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళందరం సిటీలోనే ఉన్నామని చెప్పుకునేవాళ్ళం. ఆ సంగతి సిటీకి మాత్రం ఇంకా తెలియదు. వీధిదీపాల్లో సగం వెలిగేవి, నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి. కొంపల్లిలో మల్టీప్లెక్సు పడ్డాక మా అడ్రసుకు ‘కొంపల్లి పక్కనే’ అని తోక తగిలించుకుని ఛాతీ విరుచుకున్నాం. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. మేడ్చల్ వైపు ఒక ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో గోడౌన్ సూపర్వైజరును (నా కింద పనిచేసేది ఒక తాళంచెవుల గుత్తి). పెళ్ళికి తొందరపడకూడదని పెద్దలంటారు గానీ నాకు తొందరపడే అవకాశం ఇచ్చినవాళ్ళే లేరు. వచ్చిన సంబంధాలన్నీ నన్ను చూసి, ఇల్లెక్కడో కనుక్కుని, ‘కబురు చేస్తం’ అని వెళ్ళిపోయాయి. ఆ కబుర్లు ఇప్పటికీ దారిలోనే ఉన్నాయి.

అలాంటి కరువులో మచ్చ బొల్లారం సంబంధం వచ్చింది. పిల్లకు తండ్రి లేడు, మేనమామే అన్నీ. ఆయన మాట్లాడితే వీధి చివర ఉన్నవాడు కూడా ‘ఆఁ’ అనేవాడు. పిల్ల ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేసేది. పెళ్ళిచూపుల్లో నా ఎదురుగా కూర్చుని, సిగ్గూ గిగ్గూ లేకుండా, ఏ నరం దొరుకుతుందా అన్నట్టు నన్ను పరీక్షగా చూసింది. సరిగ్గా అప్పుడే మామ అడిగాడు: “ఖాళీగుంటే ఏం జేస్తవ్ బిడ్డా?”

నిజం చెప్పాలంటే పడుకుంటాను. కానీ ఆ చూపు ముందు ‘పడుకుంటాను’ అనడానికి నోరు రాలేదు. “పాములు పడతనండి” అన్నాను. ఎందుకన్నానో నేటికీ తెలియదు. నోట్లోంచి బయటికొచ్చాక ఇక దాన్ని ఒంటరిగా వదలడం మర్యాద కాదని, గోడౌన్‌లో ఉత్తచేతులతో ఏడు పట్టానని, అందులో రెండు నాగులని కూడా చేర్చాను. (ఆరు అనబోయాను, ఏడు వినసొంపుగా ఉంటుందనిపించింది.) మామ సోఫాలోంచి లేచి నా భుజం మీద ఒక్కటి చరిచాడు. “అరె, గిట్లాంటోడే గావాలె మాకు! వానకాలమొస్తే మా ఇంటెనక మురికి నాలాలకెల్లి పురుగులు, గదే పాములు, ఒకటే రాకడ. పరేషాన్ అయితున్నం!” ఆ విధంగా నా జీతం, చదువు, రంగు, ఎత్తు అన్నీ పక్కకు పోయి, నాలా మీద పెట్టిన ఇనుప జాలీ లెక్క నేను వాళ్ళకు నచ్చాను.

మా వైపు పిల్ల నచ్చాక, పిల్లతరఫు వాళ్ళు ఇల్లు చూసిపోవడానికి వస్తారు. ఆ గండం కూడా గట్టెక్కితేనే సంబంధం ఖాయం. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున మామ, అత్త వచ్చారు. తాను ఉండబోయే ఇల్లు తానే చూసుకుంటానని పట్టుబట్టి పిల్ల కూడా వచ్చింది. నాయిన గేటుకు కొత్త రంగు వేయించాడు (అది ఇంకా ఆరలేదని మామ ప్యాంటు చెప్పింది). అవ్వ నన్ను వంటింట్లోకి లాగి, “నోరు తెరవకు. అడిగితే నవ్వు, గంతే” అని ఒట్టు వేయించుకుంది. నన్ను ఎరిగిన మనిషి నన్ను కన్న అవ్వ ఒక్కతే.

మామ ఇల్లు చూడలేదు, సోదా చేశాడు. కుళాయిలు తిప్పాడు, గోడలు పిడికిలితో కొట్టి విన్నాడు, “బోరెంత లోతు బావా?” అని నాయినను నిలదీశాడు. చివరికి మెట్ల కింద అర తలుపు లాగాడు. అక్కడ మా ఇన్వర్టర్ ఉంటుంది. తలుపు ఎంత వేగంగా తెరిచాడో అంతకు రెట్టింపు వేగంతో మూసి, వెనక్కి నాలుగడుగులు వేసి, అప్పటిదాకా నన్ను ‘బిడ్డా’ అన్నవాడు మొదటిసారి “అల్లుడా!” అని కేకపెట్టాడు. నేను ఆ పిలుపు కోసం ఎదురుచూసిన మాట నిజమేగానీ, ఇలాంటి సందర్భంలో కాదు.

“రక్తపింజర! ఇంత లావున్నది! పట్టు అల్లుడా, పట్టు!”

తలుపు సందులోంచి చూశాను. వెచ్చటి ఇన్వర్టర్ మీద, నల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలతో, ఒక పాము తలను మధ్యలో దాచుకుని చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. అచ్చం ఆదివారం పూట నేను పడుకున్నట్టే. నేను తలుపు మెల్లగా దగ్గరికి వేశాను. అవ్వ మాత్రం “తల్లీ, నువ్వొచ్చినవా” అంటూ పసుపు కోసం లోపలికి పరుగెత్తింది. ప్రహరీ అవతల అప్పటికే పదిమంది తలలు లేచాయి. మా లేఅవుటులో కరెంటు కంటే వార్త తొందరగా వచ్చేది.

ఇక నేను నా విద్య బయటికి తీశాను, అంటే కాలయాపన. ముందు తెల్ల లుంగీ కావాలన్నాను. తెచ్చారు. అది చుట్టుకుని మూతున్న బకెట్ అన్నాను. అదీ తెచ్చారు. ఎండ మెట్ల మీదికి వచ్చేదాకా ముట్టకూడదన్నాను. పిల్ల చేతులు కట్టుకుని అంతా వింటోంది.

“గోడౌన్ల కూడ ఎండ కోసమే ఆగిండ్రా?” అంది మెల్లగా.

“అవి వేరే జాతి” అన్నాను.

“ఏడూ వేరే జాతేనా?”

అంతలో మామ ఓపిక అయిపోయింది. పెరట్లోంచి గడ్డపార పట్టుకొచ్చాడు. “నీతోటి గాదంటే చెప్పు, రెండు తుకడలు జేస్త! ఇగ సంబంధం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.” ఆ ‘తర్వాత’ నాకు బాగా తెలిసిన మాట. ‘కబురు చేస్తం’కి తోబుట్టువు.

అప్పుడు గేటు దగ్గర స్కూటీ ఆగింది. నిక్కరు వేసుకున్న ఒక సన్నపాటి కుర్రాడు, కళ్ళు ఎర్రగా, చేతిలో కాగితాలు. కొంపల్లి విల్లాల నుంచి. మాటను బట్టి కోస్తా వైపు వాళ్ళ పిల్లాడు. “అండీ, మా మున్ని ఇటేమైనా వచ్చిందా అండీ? రెండ్రోజులైంది కనపడక.”

“అయ్యో, ఎంత వయసు బిడ్డా?” అంది అత్త.

“నాలుగేళ్ళండీ. బాగా మొహమాటస్తురాలు. చలికి అసలు తట్టుకోలేదు.”

“పోలీసోళ్ళకు చెప్పినవా? ఏం గుడ్డలేసుకున్నది?” అన్నాడు నాయిన.

కుర్రాడు కాగితం చూపించాడు. అందులో మా ఇన్వర్టర్ మీది మనిషే, వీడి మెడ చుట్టూ ఉంది. ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువట, విషం ఉండదట, భయమేస్తే బంతిలా చుట్టుకుంటుందట. “కొట్టొద్దండీ, మీ కాళ్ళు పట్టుకుంటాను” అని నిజంగానే వంగాడు. విషం లేదన్న మాట ఎవరూ నమ్మలేదు గానీ, మెడ చుట్టూ వేసుకుంటాడన్న మాట అందరూ నమ్మారు. వాడు తలుపు తెరిచిన మరుక్షణం ప్రహరీ మీది తలలు మాయమయ్యాయి. గడ్డపారతో సహా మామ అందరికంటే ముందు గేటు దాటాడు. అవ్వను, ఆమె పసుపును నాయిన ఎత్తుకుపోయాడు.

మెట్ల కింద కుర్రాడు, నేను, పిల్ల మిగిలాం. (నేను ధైర్యంతో మిగల్లేదు. కాళ్ళు కదల్లేదు.) కుర్రాడు మున్నిని తువ్వాలు తీసినట్టు తీశాడు. “సంచీ బండిలో ఉందండీ, ఒక్క నిమిషం పట్టుకుంటారా?” అని నాకు అందించబోయాడు. నేను గోడలోకి కుంగిపోయాను. పిల్ల చేతులు చాపి తీసుకుంది. రోజుకు పాతికమందికి సూది గుచ్చే చేతులు, వణకలేదు. కుర్రాడు బయటికి పరుగెత్తాడు.

“ఇగ పట్టుకోండి” అంది నాతో.

ఎన్నో అబద్ధాలు నాలుక చివర వరసగా నిలబడ్డాయి. చేతికి గాయమనొచ్చు, మంగళవారం కాదనొచ్చు. కానీ ఆమె ముఖంలో వెక్కిరింత లేదు. నిజంగా తెలుసుకోవాలనుకుంటోంది. “నేను ఒక్కటి కూడ పట్టలే” అన్నాను. “ఏడు కాదు, సగం కూడ కాదు. వానపామంటే కూడ భయమే నాకు. మీ మామకు చెప్పుకోండి.”

“నాకెరుకే” అంది. “ఆ రోజు మా ఇంట్ల బల్లి పడితే మీరు రెండు కాళ్ళూ సోఫా మీద పెట్టుకున్నరు. ఎవ్వలు సూడలే అనుకున్నరు.” తర్వాత నా చెయ్యి పట్టుకుని ఆ పాము వీపు మీద పెట్టింది. జిగురుగా ఉంటుందనుకున్నాను. కొత్త రెగ్జిన్ సీటులా పొడిగా, నున్నగా ఉంది. చేతి కింద మెల్లగా ఊపిరి తీస్తోంది. నాకంటే ఎక్కువ భయపడుతున్న ప్రాణిని నేను చూడటం అదే మొదలు.

కుర్రాడు సంచీ అన్న దిండు గలేబుతో తిరిగొచ్చాడు. వాడి వెనకాల, మంచి దూరంలో, గేటు అవతలి నుంచి మామ గొంతు: “ఏందే, ఏమయింది? పట్టిండా?”

నా సంబంధం గలేబులోకి దిగుతున్న పాముతోపాటే దిగిపోతోంది. నేను నోరు తెరిచాను. ఆమె నాకంటే ముందు తెరిచింది. “పట్టిండు మామా! ఉత్తచేతులతోటి! బుస కొడుతుంటె కూడ ఇడువలే!” కుర్రాడు ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూసి, వాడి అవసరం వాడిది కాబట్టి, “అవునండీ, భలే పట్టేశారండీ” అని వెళ్ళిపోయాడు. అంత పచ్చి అబద్ధాన్ని కనురెప్ప కదపకుండా చెప్పిన మనిషిని నేను అద్దంలో తప్ప ఎక్కడా చూడలేదు. పెద్దల కంటే ముందు, ఆ మెట్ల కిందే, నేను మనసులో తాంబూలాలు మార్చుకున్నాను.

పెళ్ళయింది. బొల్లారం నాలాలోంచి ఏ పురుగు వచ్చినా మామ ఫోను చేస్తాడు. మా ఆవిడ పాములు పట్టేవాళ్ళను ముందు పంపించి, అంతా అయ్యాక నన్ను పంపిస్తుంది, నేను వెళ్ళి చాయ్ తాగి వస్తాను. ఇప్పుడు చుట్టాల్లో ఏ పెళ్ళికి వెళ్ళినా మామ పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ కథ చెబుతాడు. ఆయన కథలో తాను గేటు అవతల లేడు, బకెట్ పట్టుకుని నా పక్కనే ఉన్నాడు. మా ఆవిడ “అవును, నేను చూసిన” అని వత్తాసు పలుకుతుంది. ఊళ్ళో కోతలరాయుడన్న పేరు మాత్రం నాకే వచ్చింది.

ఆ కథ నడుస్తున్నంతసేపు నేను బుద్ధిగా తలూపుతూ, ఇరవై తొమ్మిదేళ్ళ ఆ కుర్రాణ్ణి తలచుకుంటాను. తెల్ల లుంగీ చుట్టుకుని, చెమటలు కక్కుతూ, గోడకు అంటుకుపోయి, పోతే పోనీ అని ఒక్క నిజం చెప్పాడు. వాడు నాకంటే ధైర్యవంతుడు. నాకు ఆ తర్వాత మళ్ళీ అంత ధైర్యం రాలేదు.