ముల్లు నిలిచేదాకా మాట్లాడని మా మేనత్త

మా మేనత్త పోయింది. సుబేదారిలో ఆఫీసు మెట్లెక్కుతుంటే వాళ్ల పక్కింటి అక్క ఫోన్ చేసింది. "పొద్దుగాల చాయ్ తాగింది. జర నడుం వాలుస్త అన్నది. ఇగ లేవలే బిడ్డా" అని ఏడ్చింది. నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. పైకి పోయేవాళ్లు పక్కనుంచి తప్పుకొని పోతున్నారు. ఎవరికైనా చెప్పాలనిపించింది. కానీ ఇలాంటి కబురు రాగానే నేను మొదట ఫోన్ చేసేది అత్తకే.

మీలో చాలామందికి ఆమె తెలియదు. వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టింది, సగం బతుకు మగ్గం మీదే గడిపింది. మామ తెల్ల అంబాసిడర్‌ను టాక్సీగా నడిపేవాడు. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి రైతులు, పెండ్లిళ్లకు పోయేవాళ్లు ఆయన కోసమే అడిగేవాళ్లు. మామ గుండెపోటుతో పోయాక కారు అమ్మేయమని చుట్టాలంతా చెప్పారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. యాభై నాలుగో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. సీటు మీద దిండు వేసుకొని, కొంగు నడుముకు బిగించి, హారన్ కొట్టడానికి మొహమాటపడుతూ నడిపేది.

ఆ కారులో పెట్రోలు చూపే ముల్లు ఎప్పుడూ అడుగున పడుకొనే ఉండేది. మామకు దానితో పని లేదు. ఎంత పోయించాడో, ఎంత తిరిగాడో ఆయన తలలోనే ఉండేది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, మేం అడగనూ లేదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. ధర్మసాగర్‌లో అత్తగారింట్లో ఉన్న ఆమె బిడ్డకు పురిటినొప్పులు మొదలయ్యాయట. ఆ రోజు నాకు సెలవు. ముగ్గురం కారులో పోయి ఆ పిల్లను ఎక్కించుకున్నాం. తిరుగుదారిలో, చుట్టూ పొలాలు తప్ప ఇల్లనేది లేని చోట, కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది. వెనక సీట్లో ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకొని అరుస్తోంది. అత్త రోడ్డు మధ్యకు పోయి చేతులు రెండూ చాచి నిలబడింది. చివరికి పాల వ్యానొకటి ఆగింది. దవాఖానలో తల్లీబిడ్డా క్షేమంగానే బయటపడ్డారు. కానీ "ఇంకో పావుగంట అయితే కష్టమయ్యేది" అని నర్సు అన్న మాట అత్త చెవిన పడింది.

పది రోజులు ఆమె ఆ కారును ముట్టుకోలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. పక్కింటి అక్కే వచ్చి "నీ తప్పేమున్నదక్కా, ఫికర్ చెయ్యకు" అంటే, "తెల్వకపోవుడే నా తప్పు" అన్నది.

మెకానిక్ వచ్చి ముల్లును వేలితో కొట్టి చూశాడు. "మీటరే పోయిందత్తా. గిది ఇప్పుడు దొరకది. వదిలెయ్యి" అన్నాడు.

"పోయిందని ఎట్ల తెలుసు? చూసినవా?" అంది అత్త. అతను నవ్వి ఊరుకున్నాడు.

ఆమె ఊరుకోలేదు. కార్లకు వైరింగ్ చేసే ఒక ముసలాయన షాపు ముందు రెండు పూటలు కూర్చుని అడిగి తెలుసుకుంది. ఆదివారం నన్ను పిలిచింది. ఎందుకొచ్చిన పని, మెకానిక్కే వద్దన్నాడు కదా అన్నాను.

"ముందుగాల మంచిగున్నదేదో చూద్దాం బిడ్డా. చెడ్డది దానంతట అదే దొరుకుతది. మగ్గం మీద పోగు తెగితే అట్లనే చూస్తం."

డిక్కీలో చాప తీసి, ట్యాంకు నుంచి మీటరుకు పోయే తీగను విప్పింది. నిప్పురవ్వ పెట్రోలు దగ్గర పడకూడదని దానికి పొడుగు తీగ కట్టి బానెట్ దాకా తెచ్చింది. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి తాళం తిప్పమంది. తీగ కొసను కారు ఇనుముకు ఆనించి పట్టుకుంది.

"ఏమన్న కదులుతాందా?"

"లేదత్తా."

"జర ఆగు."

అప్పుడు ముల్లు లేచింది. మెల్లగా, పక్షవాతం వచ్చిన మనిషి చెయ్యెత్తినట్టు, పైకొస దాకా పోయింది. నేను కేక పెట్టాను. అత్త మాత్రం, "అంటే మీటరు మంచిగున్నది, తీగ మంచిగున్నది. ఇగ ట్యాంకు లోపలనే" అని తల ఊపింది.

బ్యాటరీ తీగలు పీకేసి, ట్యాంకు మీది మరలు ఒక్కొక్కటే విప్పింది. లోపల్నుంచి కడ్డీ చివర ఇత్తడి బుడ్డ ఒకటి బయటికొచ్చింది. పెట్రోలు మీద తేలుతూ ముల్లును లేపాల్సింది అదే. అత్త దాన్ని చెవి దగ్గర ఊపి నాకిచ్చింది. లోపల పెట్రోలు కదులుతున్న చప్పుడు. స్నానానికి కాచిన వేడినీళ్లు బకెట్‌లో వాకిట్లోకి తెచ్చి, బుడ్డను ముంచింది. అతుకు దగ్గర్నుంచి సన్నటి బుడగలు వరసగా లేచాయి. కంటికి కనపడని చిల్లి. అందులోంచి పెట్రోలు నిండి అది మునిగిపోయింది. మామ ఉన్నప్పటినుంచీ మునిగే ఉంది.

లోపలి పెట్రోలంతా కారిపోయేదాకా రెండు రోజులు ఎండబెట్టి, పాత్రలకు మాటు వేసే ఆయనతో అతికించింది. మళ్లీ బిగించి, డబ్బాతో ఐదు లీటర్లు పోసి, ఈసారి తాళం తనే తిప్పింది. ముల్లు కొంచెం లేచి నిలిచింది. చాలాసేపు దాన్నే చూసింది.

"మీ మామకు ఎట్ల తెలుస్తుండెనో... ఇగ ఆయనను అడిగే పని లేదు" అని మొహం అటు తిప్పుకుంది. నేను డిక్కీ మూయడానికి పోయాను.

ఆ తర్వాత ఎన్నేళ్లు నడిపినా, తాళం తిప్పాక ముల్లు లేచి నిలిచేదాకా ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. కారులో మంత్రి ఎక్కినా అంతే చేసేదేమో. పక్కింటి అక్కతో మాత్రం, "పిలువు, వస్త. ఇప్పుడు నాకు తెలుస్తది" అని ధైర్యంగా చెప్పేది. పిలిచిన ప్రతిసారీ పోయింది కూడా.

నా కాపురం చెడి, కూతుర్ని తీసుకొని ఆమె ఇంటికి వచ్చేసినప్పుడు చుట్టాలంతా ఏమైందని అడిగారు. అత్త నాకు అన్నం పెట్టి, పాప నిద్రపోయాక, "మంచిగున్నయి ఏమేమున్నయో చెప్పు" అంది. నౌకరి ఉందన్నాను. పాప ఉందన్నాను. ఇంకేం తోచలేదు. "నేనున్న కదా, నన్ను మర్చినవ్" అని కసిరింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆరేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఎప్పుడు పోతావని అడగలేదు.

ఇప్పుడు ఆమె లేదు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడగానే కాళ్లు ఆమె ఇంటి వైపు తిరుగుతాయి. సగం దూరం పోయాక గుర్తొస్తుంది.

పోయిన వానాకాలం నన్నూ పాపనూ ధర్మసాగర్ చెరువు చూపిస్తానని తీసుకుపోయింది. నీళ్లు నిండుగా ఉన్నాయి. కట్ట మీద గాలికి నిలబడలేక నేనూ పాపా వెనకే ఆగిపోయాం. ఆమె ముందుకు నడిచి, ఒకచోట ఆగి, మా వైపు తిరిగింది. నెరిసిన జుట్టు ముడి ఊడి మొహమంతా పరుచుకుంది. ఒక చేత్తో జుట్టు పట్టుకొని, నవ్వుతూ నాకేదో గట్టిగా చెప్పింది. గాలిలో ఒక్క ముక్కా వినపడలేదు. విన్నట్టే తల ఊపాను, ఆమె సరేనన్నట్టు మళ్లీ నీళ్ల వైపు తిరిగింది.