గాలి నిండుకుంది

మొన్న బియ్యం నిండుకున్నాయి, తెప్పించమ్మా అని మా కోడలితో అంటుంటే పక్కనే ఉన్న మనవరాలు ఫక్కున నవ్వి, "నిండుగా ఉంటే మళ్ళీ ఎందుకు నాయనమ్మా?" అంది. మన ఈడు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, ఇంట్లో సరుకు అయిపోయిందనడం అశుభమని నిండుకుందనే కదా అనేవాళ్ళం. ఆ సంగతి దానికి చెప్పబోయి ఆగిపోయాను. అదే మాటని అలాగే తప్పుగా అర్థం చేసుకున్న పిల్ల ఒకతె యాభై ఏళ్ళ కిందట ఈ తెనాలిలోనే ఉండేది, అది నేనే.

అమ్మ ఆఖరి చెల్లెలు, మా పిన్ని, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, రేపల్లెలో అమ్మమ్మ దగ్గర ఉండేది. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టాడని ఊరంతా చెప్పుకునే ఆ రోజుల్లో, ఒక వారపత్రికలో బొమ్మలతో వచ్చే అంతరిక్ష సాహసకథంటే మా ఇద్దరికీ పిచ్చి. అది అర్ధంతరంగా ఆగిపోతే ఉండబట్టలేక మేమే కొనసాగించాం. పాత క్యాలెండరు కాగితాల వెనక పిన్ని ఒక భాగం గీస్తే తరువాతిది నేను గీయాలి, రైల్లో వస్తూ పోతూ ఉండే తాతయ్యే మా పోస్టుమాను. పిన్నికి ఉబ్బసం. సెలవులకి వెళ్ళి ఆవిడ పక్కన పడుకుంటే రొమ్ములోంచి సన్నని ఈల వినిపించేది, అది రాకెట్టు చప్పుడని చెబితే నేను నమ్మేదాన్ని.

సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పారని పిన్నిని బాపట్లలో మామయ్య ఇంట్లో ఉంచారు. తాతయ్య అక్కణ్ణుంచి తిరిగొస్తూ తెనాలిలో రైలు మారేటప్పుడు కాగితాలు ఇచ్చి వెళ్ళేవారు. బొమ్మల తీరే మారిపోయింది. గ్రహమంతా ఇసుక, సరుగుడు చెట్లలాంటివి ఉన్నా ఒక్క కొమ్మా కదిలినట్లుండదు, మా వీరుడి అడుగులు నీళ్ళవైపు వెళ్ళినవే గాని తిరిగొచ్చినవి కనిపించవు. చూస్తుంటే వెన్నులో జలదరింపు పుట్టేది, అయినా చూడకుండా ఉండలేకపోయేదాన్ని. ఒకసారి వచ్చిన కాగితంలో వీరుడు ఇసుకలో చతికిలబడి ఉన్నాడు, పక్కనే పిన్ని గుండ్రటి అక్షరాలు: గాలి నిండుకుంది.

నిండుకుందంటే నిండిందనుకున్నాను. సంబరపడిపోయి, వాణ్ణి లేపి ఇంకో రెండు గ్రహాలు తిప్పించాను. జవాబుగా వచ్చిన కాగితం నిండా గాజు శిరస్త్రాణం ఒక్కటే ఉంది, అద్దం వెనక ఎవరూ లేరు. పిన్ని ముఖం వేయడం మరిచిపోయిందనుకుని కళ్ళూ ముక్కూ నవ్వే నోరూ నేనే గీసి పంపాను. ఆ తరువాత తాతయ్య కాగితాల కట్టంతా వెనక్కి తెచ్చారు. అమ్మని పెరట్లోకి పిలిచి ఏదో చెబితే అమ్మ అక్కడే కూలబడిపోయింది. తాతయ్య నా తల నిమిరి, "పిన్ని నీ బొమ్మ చూసి నవ్విందమ్మా" అన్నారు. పిల్లదాన్ని ఊరడించడానికి అన్నారనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

నిండుకుందన్న మాటకి అసలు అర్థం తెలిసేనాటికి కట్ట అమ్మ పెట్టె అడుక్కి చేరింది, విప్పడానికి నాకెన్నడూ ధైర్యం చాలలేదు. మొన్న విప్పాను. ఆఖరి కాగితంలో నేను గీసిన ముఖం వంకరటింకరగా అలాగే ఉంది. కాని నోటికెదురుగా, అద్దం మీద, పెన్సిలు పొడిని వేలితో అలికి వేసిన చిన్న ఆవిరి మరక ఉంది. ఊపిరి తగిలితే అద్దం మసకబారినట్లు. అది నేను వేసింది కాదు. ఎంతసేపు చూశానో తెలియదు, వేలు పెట్టి తాకాలంటే భయం వేసింది, తాకకుండా ఉండాలన్నా మనసొప్పలేదు.

మనవరాలు భుజం మీంచి తొంగి చూసి, కట్టలో పైకి కనిపిస్తున్న ఇంకో కాగితం మీది మాటలు కూడబలుక్కుని చదివింది. "గాలి నిండుకుందంట. అయితే బతికాడన్నమాట కదా నాయనమ్మా?"

ఇప్పుడు ఇళ్ళల్లో ఏదైనా అయిపోతే అయిపోయిందనే అంటున్నారు, తప్పేమీ లేదు, ఎవరికీ తికమక ఉండదు. ఆ పాత మాట నాతోనే పోతుందేమో. పోయేలోగా ఒక్కసారి అది తప్పుగానే అర్థమైతే బాగుండుననిపించి, అవునమ్మా అన్నాను.